సెల్ఫ్ మీంచి చెయ్యి తియ్యి, అల్లుడూ

అల్లుడూ,

నీకు బోటు అప్పజెప్పారని అక్క చెప్పింది. సంతోషం. మన విశాఖ హార్బర్లో డ్రైవర్ అంటే చుక్కాని పట్టుకునేవాడు మాత్రమే కాదు, కింద ఇంజన్ గదిలో ఏం జరిగినా జవాబు చెప్పాల్సినవాడు. చుక్కాని సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, అది మీ నాన్న వైపు నుంచి ఒంట్లోనే వచ్చింది. ఇంజన్ సంగతి మాత్రం మేనమామ చెప్పాలి. ఇన్నేళ్లూ ఆ చీకటి గదుల్లో డీజిల్ వాసన పీల్చినవాణ్ని, ఆ మాత్రం పెద్దరికం నాకు చెల్లుతుంది.

ఏప్రిల్ 15న మొదలైన వేట నిషేధం జూన్ 14 అర్ధరాత్రితో తీరుతుంది. ఇదివరకు 47 రోజులుండేది, 2015 నుంచి 61 రోజులు చేశారు. చేప గుడ్లు పెట్టుకోవడానికి మంచిదే. ఇంజన్‌కి మాత్రం మంచిది కాదు. తిరిగే ఇంజన్ కన్నా ఊరికే పడుకున్న ఇంజనే తొందరగా చెడుతుంది. అందుకే ఏటా నిషేధం తీరే వేళకి జెట్టీ మీద ఒకటే తంతు. ఐసు ఎక్కింది, రేషను ఎక్కింది, నీళ్ల డ్రమ్ములు ఎక్కాయి, కళాసీలు ఎక్కారు, కొబ్బరికాయ కొట్టడం కూడా అయింది. ఇంజన్ లేవదు. పక్క బోటు వాళ్లు తలా ఒక సలహా ఇస్తారు. ఓనరు ఫోన్లో అరుస్తాడు. డ్రైవర్ చెమటలు కారుస్తూ సెల్ఫ్ కొడుతూనే ఉంటాడు.

నీకు చెప్పదలుచుకున్నది అదే. కొట్టకు. ఇంజన్ లేవనప్పుడు మొట్టమొదట చెయ్యాల్సిన పని సెల్ఫ్ మీంచి చెయ్యి తియ్యడం. ఒకసారి పది సెకన్లు చూడు. లేవకపోతే రెండు నిమిషాలు ఆగి ఇంకోసారి చూడు. అంతే. ఆ తర్వాత ఎందుకు లేవలేదో తెలిసేదాకా తాళం జేబులో పెట్టుకో. సెల్ఫ్ మోటారు తిరిగేటప్పుడు వందల ఆంపియర్ల కరెంటు తాగుతుంది. పది సెకన్లకే లోపలి రాగి తీగ వేడెక్కుతుంది, అర నిమిషం ఆపకుండా కొడితే దాని పూత మాడే వాసన నీకే తెలుస్తుంది. పోనీ మోటారు గట్టిదే అనుకో, బ్యాటరీ? మొదట డీజిల్లో గాలి పట్టడం ఒక్కటే జబ్బు. పదిసార్లు కొట్టాక గాలి అలాగే ఉంది, బ్యాటరీ చచ్చింది, మోటారు మాడింది. ఒక జబ్బు మూడైంది, మిగతా రెండూ నీ చేతి చలవే.

డీజిల్ ఇంజన్‌కి నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉండదని నీకు తెలుసు. గాలిని సిలిండర్లో పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కేస్తే ఆ నొక్కుడుకే అది భగ్గుమనేంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి నాజిల్ డీజిల్‌ని పొగమంచంత సన్నగా చిమ్ముతుంది, అంటుకుంటుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో ఆడించి చూపించిన కిటుకు ఇదే, ఇవాళ్టికీ మారలేదు. (పాపం ఆయన 1913లో ఇంగ్లండుకి వెళ్లే ఓడ ఎక్కి, తెల్లారేసరికి ఓడలో లేడు. సముద్రంలోనే పోయాడు.) అంచేత ఇంజన్ నిన్ను అడిగేవి మూడే. తగినంత జోరుగా తిప్పు, డీజిల్ ఇవ్వు, గాలి ఇవ్వు. మూడింట్లో ఏది అందడం లేదో కనిపెట్టడమే నీ పని. కనిపెట్టడానికి ముందు పానా కాదు, చెవులూ ముక్కూ కళ్లూ కావాలి.

ముక్కుతో మొదలుపెట్టు. గది తలుపు తియ్యగానే ఒక్క నిమిషం ఆగి వాసన చూడు. మన బోట్లలో వంటకి గ్యాస్ సిలిండర్ ఉంటుంది. ఆ గ్యాస్ గాలి కన్నా బరువు, కారితే పైకి పోదు, అడుక్కి దిగి కూర్చుంటుంది. సెల్ఫ్ మోటారులో నిప్పురవ్వ లేచే చోటూ ఆ అడుగే. 2023 నవంబరులో మన హార్బర్లో ఒక్క రాత్రిలో పదుల కొద్దీ బోట్లు తగలబడి పోవడం నువ్వు చూసినవాడివే. ఒక బోటుకి అంటుకుంటే పక్కన కట్టినవన్నీ దానితోనే. గ్యాస్ వాసన ఉంటే తలుపులన్నీ బార్లా తెరిచి, వాసన పూర్తిగా పోయేదాకా ఏ స్విచ్చూ ముట్టుకోకు.

ఇక చెవులు. తాళం తిప్పినప్పుడు ఏం వినపడిందో గుర్తు చేసుకో. అసలు ఏ చప్పుడూ లేదా? అయితే కరెంటు సెల్ఫ్ దాకా రావడం లేదు. మెయిన్ స్విచ్చు, ఫ్యూజు, తాళం వెనక తీగ, గేరు న్యూట్రల్‌లో ఉందో లేదో చూడు. కొన్ని బోట్లకి న్యూట్రల్‌లో లేకపోతే కరెంటు పోనివ్వని స్విచ్చు ఉంటుంది, లివర్ వెంట్రుకవాసి పక్కకి ఉన్నా అది ఒప్పుకోదు. టకటకటకమని వరస చప్పుడా? బ్యాటరీలో పస లేదు, లేదా టెర్మినల్ దగ్గర తుప్పు. ఒకే ఒక్క ‘టక్’ అని ఆగిపోయిందా? అది ఆలోచించాల్సిన చప్పుడు, దాని సంగతి తర్వాత చెబుతాను. చక్కగా జోరుగా తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదా? అయితే బ్యాటరీ వైపు చూడనే అక్కర్లేదు, డీజిల్ వైపు పద.

బ్యాటరీ సంగతి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే నిషేధం తర్వాత లేవని ఇంజన్లలో ఎక్కువ వాటికి జబ్బు అక్కడే. బ్యాటరీ మీద మీటరు పెట్టి చూడు. కొన్ని గంటలు కదపకుండా ఉంచిన 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12 కన్నా దిగితే దాన్ని నమ్మి సెల్ఫ్ కొట్టకు. పెద్ద బోట్లలో రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 చేస్తారు. అక్కడ మొత్తం మీద చూసి సరిపెట్టుకోకు, ఒక్కోదాన్నీ విడిగా చూడు. ఒకటి బాగుండి రెండోది పోతే మంచిది చెడ్డదాన్ని మొయ్యలేక అదీ పోతుంది. రెండూ ఒకేసారి మార్చమని ఓనరుకి చెప్పు. ఒకటే కొంటానంటాడు. ఒప్పుకోకు.

మీటరు మంచి అంకె చూపించినా సెల్ఫ్ ఈడుస్తోందంటే అసలు పరీక్ష వేరే ఉంది. ఒకణ్ని సెల్ఫ్ కొట్టమని, ఆ క్షణంలో బ్యాటరీ మీద అంకె చూడు. 12 వోల్టులది తొమ్మిదిన్నర దిగువకి జారిపోతే బ్యాటరీ పని అయిపోయినట్టే. పదికి పైన నిలబడి కూడా సెల్ఫ్ తిరగడం లేదంటే దారిలో ఎక్కడో కరెంటు చిక్కుకుంటోంది. మీటరు ఒక మొన బ్యాటరీ సీసపు మొగ్గ మీదే పెట్టు, రెండో మొన దానికి బిగించిన టెర్మినల్ మీద పెట్టు. సెల్ఫ్ కొట్టినప్పుడు అక్కడ అర వోల్టు కనిపించినా ఆ రెండింటి మధ్య తుప్పు ఉన్నట్టే. మీటరు లేకపోతే, ఒకసారి సెల్ఫ్ కొట్టాక టెర్మినళ్లని వేలితో తాకి చూడు. ఏది వెచ్చగా ఉందో దొంగ అదే. ఊడదీసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పోసి, ఆకుపచ్చ పొడి అంతా కడిగి, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు పూయి. మనవాళ్లు గ్రీజు ముందు పూసి తర్వాత బిగిస్తారు, అది తప్పు.

ఎర్త్ కేబుల్ మరిచిపోకు. బ్యాటరీ దగ్గరి కొస అందరూ చూస్తారు, ఇంజన్ దిమ్మకి బిగించిన రెండో కొస ఎవరూ చూడరు. పెయింటు మీద పెయింటు వేసి, దాని కింద తుప్పు పట్టి, అది ఉందన్న సంగతే మరిచిపోతారు.

ఇంకో మాట, ఇది కాస్త తిట్టినట్టే అనుకో. కళాసీల ఫోన్లన్నీ ఇంజన్ బ్యాటరీ మీదే చార్జింగ్ పెట్టనివ్వకు. లైట్లు, ఫిష్ ఫైండరు, జీపీఎస్, రాత్రంతా పాటలు, అన్నీ సెల్ఫ్ కొట్టాల్సిన బ్యాటరీనే పీలిస్తే తెల్లారి ఇంజన్‌ని ఎవరు లేపుతారు? వాటికి వేరే బ్యాటరీ పెట్టించు. ఖర్చు అనకు. లంగరు వేసి రాత్రి పడుకున్న బోటు పొద్దున లేవకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

పక్క బోటు బ్యాటరీ నుంచి తీగ లాక్కోవాల్సి వస్తే ముందు వాళ్లది 12నా 24నా అని అడుగు. నీదానితో సరిపోతేనే ప్లస్‌కి ప్లస్ కలుపు. మైనస్ కొసని చివర, బ్యాటరీకి కాకుండా ఇంజన్ ఇనుముకి, బ్యాటరీకి దూరంగా కలుపు. బ్యాటరీ నుంచి లేచే గ్యాస్ నిప్పురవ్వకి పేలుతుంది, యాసిడ్ కళ్లల్లో పడుతుంది.

జోరుగా తిరుగుతూ అంటుకోని ఇంజన్ దగ్గరికి వద్దాం. పానా తీసే ముందు స్టాప్ కేబుల్ చూడు. నిషేధానికి ముందు ఎవడో ఇంజన్ ఆపడానికి దాన్ని లాగి అలాగే వదిలేసి ఉంటాడు. లేదా తుప్పుకి బిగుసుకుపోయి, పైన గుండు లోపలికి పోయినా కింద పంపు దగ్గర లివర్ కదలకుండా ఉంటుంది. అందుకే పైన కాదు, కిందికి దిగి పంపు దగ్గర లివర్ చూడాలి. ఎంతమంది డ్రైవర్లు మెకానిక్‌ని పిలిపించుకుని ఈ ఒక్క లివర్ నెట్టినందుకు డబ్బులిచ్చారో చెబితే నువ్వు నవ్వుతావు. కరెంటుతో ఆగే ఇంజన్లలో తాళం తిప్పగానే పంపు దగ్గర చిన్న ‘టిక్’ వినపడుతుంది. వినపడకపోతే ఆ తీగ చూడు.

తర్వాత పొగ. ఒక కుర్రాణ్ని పైకి పంపి పొగగొట్టం చూడమను, పది సెకన్లు సెల్ఫ్ కొట్టు. పొగే లేదంటే సిలిండర్లోకి డీజిల్ పోవడం లేదు. తెల్లటి పొగ ఘాటుగా వస్తోందంటే డీజిల్ పోతోంది, కాలడం లేదు. అప్పుడు సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా, డీజిల్లో నీళ్లున్నాయా, రింగులో వాల్వులో అరిగి నొక్కుడు తగ్గిందా అని వెతకాలి. నల్లటి పొగ అంటే గాలి చాలడం లేదు. ఎయిర్ క్లీనర్ విప్పి చూడు. నిషేధం ముందు గాలి గొట్టంలోకి దుమ్ము పోకూడదని గుడ్డ కుక్కి, తీయడం మరిచిపోయి ఉంటారు. ఆ గుడ్డ దొరికితే నవ్వుకో, కానీ అంతా దొరికిందో లేదో చూసుకో.

పొగ లేదనుకుందాం. అయితే ట్యాంకు నుంచి నాజిల్ దాకా డీజిల్ నడిచే దారి పట్టుకుని పో. దారిలో ఏ మెట్టూ దాటెయ్యకు. ట్యాంకులో డీజిల్ ఉందా? గేజిని నమ్మకు, కర్ర ముంచి చూడు. ట్యాంకు కింద వాల్వు తెరిచి ఉందా? ట్యాంకు గాలి పీల్చే సన్న గొట్టం మూసుకుపోలేదు కదా? కందిరీగలకి ఆ గొట్టమంటే ఇష్టం. అది మూసుకుంటే ఇంజన్ లేచి కాసేపు ఆడి చచ్చిపోతుంది, మూత తిప్పగానే ‘హుస్’మని గాలి లోపలికి పోతుంది. ఆ చప్పుడు వింటే జబ్బు దొరికినట్టే.

మొదటి ఫిల్టర్ అడుగు మర వదిలి, దిగిన డీజిల్‌ని ఖాళీ మంచినీళ్ల సీసాలో పట్టు. పది నిమిషాలు కదపకుండా ఉంచు. నీళ్లుంటే కిందికి దిగి గీత గీసినట్టు కనిపిస్తాయి. సగం ఖాళీ ట్యాంకుని రెండు నెలలు వదిలేస్తే రాత్రిపూట లోపలి గోడల మీద పట్టే చెమటంతా అందులోకే దిగుతుంది. ఆ నీళ్లకీ డీజిల్‌కీ మధ్య ఒక నల్లటి జిగురు పుడుతుంది. అది మట్టి కాదు, ప్రాణమున్న సూక్ష్మజీవుల గుంపు. ఫిల్టర్ని అదే మూసేస్తుంది. జిగురు కనిపించాక ఫిల్టర్ మార్చి ఊరుకుంటే లాభం లేదు, కెరటానికి ట్యాంకు కదిలినకొద్దీ అడుగున ఉన్నది మళ్లీ వస్తుంది. ట్యాంకు కడిగించాలి. అది జెట్టీ మీద ఒక పూట పని, నడిసముద్రంలో ఎవరి వల్లా కాని పని.

ఇప్పుడు గాలి తీయడం. దీన్ని చేత్తో చేసి నేర్చుకో, ఎవరైనా చేస్తుంటే చూసి నేర్చుకున్నాననుకోకు. ఫిల్టర్ మార్చినా, డీజిల్ అయిపోయి మళ్లీ పోసినా దారిలో గాలి పడుతుంది. పంపు డీజిల్‌ని నొక్కగలదు, గాలిని నొక్కితే గాలే కుదించుకుని ఊరుకుంటుంది, నాజిల్ తెరుచుకోదు. ముందు ఫీడ్ పంపు మీద ఉన్న చేతి పంపు గుండు మర ఊడదీసి పైకీ కిందికీ కొట్టు. కొడుతూనే మొదటి ఫిల్టర్ మీద ఉన్న ఎయిర్ స్క్రూ రెండు చుట్లు వదులు చెయ్యి. నురగ వస్తుంది, బుడగలు వస్తాయి, తర్వాత ఒక్క బుడగ కూడా లేకుండా డీజిల్ ధారగా వస్తుంది. ధార వస్తుండగానే స్క్రూ బిగించు, కొట్టడం ఆపాక కాదు. తర్వాత రెండో ఫిల్టర్ది. తర్వాత డీజిల్‌ని నొక్కే మైకో పంపు మీది స్క్రూ. (1951లో పెట్టిన మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకుంది. మన మెకానిక్‌ల నోట్లో అది ఇంకా మైకో పంపే.) ట్యాంకు వైపు నుంచి ఇంజన్ వైపుకి వరస తప్పకూడదు. ముందుది వదిలేసి వెనకది తీస్తే వదిలేసిన గాలి మళ్లీ నీ వెంటే వస్తుంది. పని అయ్యాక చేతి పంపు గుండు గట్టిగా బిగించు. అది వదులుగా ఉంటే అక్కడినుంచే మళ్లీ గాలి పీలుస్తుంది.

అప్పటికీ లేవకపోతే నాజిళ్ల దగ్గర గొట్టాల నట్లు ఒక్కో చుట్టు వదులు చేసి, యాక్సిలేటర్ పూర్తిగా ఇచ్చి, సెల్ఫ్ కొట్టించు. ఒక్కో నట్టు దగ్గర డీజిల్ ఎగిరెగిరి పడగానే దాన్ని బిగించేయి. రెండు బిగించేసరికే ఇంజన్ దగ్గి లేస్తుంది, తడబడుతూ ఆడుతుంది, మిగతావి బిగించేసరికి కుదుటపడుతుంది. ఇక్కడ ఒక్క మాట గుండెలో రాసుకో. నాజిల్ తెరుచుకునే ఒత్తిడి 200 కేజీల పైమాట. ఆ సన్నటి ధారకి వేలు అడ్డం పెడితే చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూదిపోటంత కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండదు. గంటలు గడిచాక చెయ్యి వాచి, కండ చచ్చి, వేలు తీసేయాల్సి వస్తుంది. ఎవరికైనా అలా జరిగితే కట్టు కట్టి ఊరుకోకు, డీజిల్ చర్మం లోపలికి పోయిందని చెప్పి ఆ గంటలోనే పెద్దాసుపత్రికి పంపించు.

ఇదంతా పాత రకం పంపున్న ఇంజన్ల సంగతి. నీ బోటు కొత్తదై కామన్ రైల్ ఇంజన్ ఉంటే ఆ గొట్టాల నట్లు ముట్టుకోనే వద్దు. అక్కడ ఒత్తిడి వెయ్యి కేజీలు దాటి ఉంటుంది. దాని గాలి తీసే పద్ధతి వేరు, కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలి.

గాలి తీశావు, లేచింది, గంట ఆడి మళ్లీ చచ్చింది. మళ్లీ తీశావు, మళ్లీ చచ్చింది. అప్పుడు ఎక్కడో గాలి చొరబడుతోందన్నమాట. కుర్రమెకానిక్‌లు డీజిల్ కారిన చోటు కోసం వెతుకుతారు. దొరకదు. ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య గొట్టంలో ఉండేది పీల్చే జోరు కాబట్టి, అక్కడ కన్నం పడితే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అంతా పొడిగా, శుభ్రంగా ఉంటుంది. ఫీడ్ పంపు ముందు ఒక జానెడు పారదర్శకమైన డీజిల్ పైపు తాత్కాలికంగా వేసి చూడు, బుడగలు కళ్లకి కనపడతాయి. గట్టిపడి బీటలు వారిన రబ్బరు పైపులు, మళ్లీ మళ్లీ వాడిన రాగి వాషర్లు, ఫిల్టర్ రింగు, వీటిలో ఏదో ఒకటి దొంగ. రాగి వాషరు ఒకసారి నలిగాక గట్టిపడిపోతుంది. కొత్తది లేకపోతే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచు, మెత్తబడి మళ్లీ అతుక్కుంటుంది. కొత్త వాషర్లు గుప్పెడు డబ్బాలో వేసుకుని వెళ్తే ఆ అవసరమూ ఉండదు.

ఇందాక ఆపిన ఒక్క ‘టక్’ సంగతి. బ్యాటరీ నిండుగా ఉంది, టెర్మినళ్లు మెరుస్తున్నాయి, సెల్ఫ్ ‘టక్’మని ఆగిపోతోంది. సెల్ఫ్‌లోనే జబ్బు ఉండొచ్చు. కానీ అది తేల్చుకునే ముందు ఇంజన్ చేత్తో తిరుగుతుందో లేదో చూడు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు పుల్లీ నట్టుకి పెద్ద పానా వేసి మెల్లగా తిప్పు. కొంత తిరిగి ఒక చోట రాయి తగిలినట్టు ఆగిపోతే సిలిండర్లో నీళ్లున్నాయేమో అనుమానించు. మన బోట్లకి పొగగొట్టం నిటారుగా పైకి ఉంటుంది. మూత లేకపోతే వానంతా నేరుగా లోపలికే. నీళ్లు గాలిలాగా కుదించుకోవు. పైన పిస్టన్, కింద సెల్ఫ్ జోరు, మధ్యలో కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. నాజిళ్లన్నీ ఊడదీసి, మొహం పక్కకి పెట్టుకుని చేత్తో తిప్పితే నీళ్లు చిమ్మి బయటపడతాయి. విహారబోట్లలో కొన్నింటికి సముద్రపు నీళ్లతోనే పొగని చల్లార్చి నీళ్లతోపాటే బయటికి తోసే పద్ధతి ఉంటుంది. వాటిని లేవకుండా అదేపనిగా సెల్ఫ్ కొడితే ఆ నీళ్లు వెనక్కి సిలిండర్లోకే వస్తాయి, కాబట్టి ముందు సముద్రపు నీటి వాల్వు కట్టి, ఇంజన్ లేచిన క్షణంలో తెరవాలి.

ఆయిల్ కడ్డీ కూడా తీసి చూడు. పాలెక్కువైన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. మట్టం ఉండాల్సిన దానికన్నా పైకి ఉంటే డీజిలో నీళ్లో దిగాయి. రెండింట్లో ఏదైనా సరే సెల్ఫ్ ముట్టుకోకు. 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ తుఫాను లాంటిది మళ్లీ వచ్చి ఇంజన్ ఉప్పునీళ్లలో మునిగితే గంటలు లెక్క. బయటికి తియ్యగానే ఆయిల్ తీసి, నాజిళ్లు తీసి, మంచినీళ్లతో కడిగి, వెంటనే డీజిల్ పోసి తిప్పాలి. రేపు చూద్దామనుకుంటే తుప్పు ఆగదు.

హార్బర్లో నీకు చెప్పే మొరటు వైద్యాలు కొన్ని ఉన్నాయి. గాలి గొట్టం దగ్గర కాలుతున్న గుడ్డ పెట్టమంటారు. స్టార్టింగ్ స్ప్రే కొట్టమంటారు. పెట్రోలు చుక్క పోయమంటారు. మన విశాఖలో ఇంజన్‌ని వెచ్చబెట్టాల్సినంత చలి ఏ కాలంలో ఉంది చెప్పు? స్ప్రే అంటుకోవాల్సిన వేళకన్నా ముందే పేలి రింగులు విరగ్గొడుతుంది. దానికి అలవాటుపడిన ఇంజన్ అది లేకుండా లేవదని పెద్దవాళ్లు అనడం అబద్ధం కాదు, అప్పటికి రింగులు పోయి ఉంటాయి కాబట్టి. స్క్రూడ్రైవర్‌తో సెల్ఫ్ రెండు మొగ్గలూ కలపమనే వాళ్లూ ఉన్నారు. గేరులో ఉన్న సంగతి చూసుకోకుండా కలిపితే బోటు జెట్టీని గుద్దుతుంది, జెట్టీకీ బోటుకీ మధ్య ఎవడి కాలు ఉందో నీకు కనపడదు. చిన్న ఫైబర్ బోట్లలో హ్యాండిల్ తిప్పి లేపే ఇంజన్లున్నాయి కదా, వాటి దగ్గర బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల వైపే ఉంచి పట్టుకో. పిడికిలి చుట్టి పట్టుకున్నవాడి బొటనవేలు ఇంజన్ ఒక్కసారి వెనక్కి తన్నితే విరుగుతుంది.

వచ్చే ఏప్రిల్ 14న బోటు కట్టేసేటప్పుడు ట్యాంకు నిండుగా పోయించు. ఓనరు గొణుగుతాడు, రెండు నెలలు డబ్బు ట్యాంకులో పడుందంటాడు. నిండిన ట్యాంకులో చెమట పట్టదని చెప్పు. ఆయిల్ పాతది తీసి కొత్తది పోయించు, పాత ఆయిల్లోని మసీ యాసిడ్లూ రెండు నెలలు బేరింగులని తింటాయి. బ్యాటరీలు ఇంటికి తెచ్చి నెలకోసారి చార్జి పెట్టించు. పొగగొట్టానికి మూత వెయ్యి. పదిహేను రోజులకోసారి బ్యాటరీలు తెచ్చి పెట్టి, ఆ మూత తీసి, ఇంజన్ లేపి అరగంట ఆడించు, బాగా వేడెక్కేదాకా ఆపకు. ఇవి చేస్తే నిషేధం తీరిన రాత్రి నీకు నా ఉత్తరంతో పని ఉండదు.

తమ్ముడు పదో తరగతి పాసయ్యాడటగా. వాణ్ని నీతో కళాసీగా తీసుకెళ్లే ముందు మన ఊళ్లోనే ఉన్న సిఫ్‌నెట్ శిక్షణ సంస్థ గురించి అడుగు. అక్కడ మెరైన్ ఫిట్టర్ కోర్సు రెండేళ్లు. నేను దెబ్బలు తిని నేర్చుకున్నది వాడు కూర్చుని నేర్చుకుంటాడు. మన ఇంట్లో ఒక్కడైనా ఇంజన్‌ని పుస్తకంతో సహా తెలిసినవాడు ఉండాలని నా కోరిక.

చివరగా సముద్రంలో ఆగిపోతే ఏం చెయ్యాలో. ముందు ఇంజన్ గదిలోకి దిగకు. లోతు అందితే లంగరు వెయ్యి, అందకపోతే వల వదిలైనా బోటు మూతి గాలికి ఎదురు తిప్పి నిలబెట్టు. జీపీఎస్ చూసి ఎక్కడున్నావో కాగితం మీద రాయి. లైట్లు, మిగతా కరెంటు పనులన్నీ ఆపించి ఒక్క వీహెచ్ఎఫ్ రేడియో ఉంచు. రాత్రయితే ఓడలకి కనపడే లైటు ఒక్కటి ఉంచు. అప్పుడు కిందికి దిగి పైన చెప్పినవన్నీ చూడు, తీరిగ్గా, వరసగా. బ్యాటరీ సగం కన్నా దిగిపోయిందంటే ఇక సెల్ఫ్ ఆశ వదిలెయ్యి. మిగిలిన కరెంటు ఇంజన్‌ది కాదు, రేడియోది. చానల్ 16లో పిలిచి, ఎక్కడున్నావో, ఎంతమంది ఉన్నారో చెప్పు. పక్క బోటు వింటే తాడేసి లాక్కొస్తుంది. ఎవరూ పలక్కపోతే, ఫోన్ సిగ్నల్ ఉన్నచోట కోస్ట్ గార్డ్ నంబరు 1554. పరువు పోతుందని పొద్దుగుంకేదాకా ఆగకు. ఆ 1554 చుక్కాని దగ్గర చెక్క మీద ఎర్ర పెయింటుతో ఈ ఆదివారమే రాయించు, అక్షరం చదవని కళాసీకి కూడా అంకెలు గుర్తుండేంత పెద్దగా.

మీ మామ